ఓటు లేని కుర్చీ

మమ్మల్ని ఏలిన జాతి అంటారు. జగిత్యాల కోటను చూపించి అంటారు. కరీంనగర్ పేరు చూపించి అంటారు. నిజాం జమానా మీదే కదా అని బడిలోనూ అంటారు, చాయ్ హోటల్లోనూ అంటారు. ఈ మాట వినీ వినీ మాలో కొందరు నిజమేనని నమ్మి మీసం దువ్వుకున్నారు కూడా. అయితే ఏలినవాళ్ల మనవరాళ్లు బీడీ కార్ఖానా ముందు చాటలు పట్టుకుని ఎందుకు నిలబడ్డారో, నల్లా నీళ్లు మా గల్లీకి అన్నిటికన్నా చివర ఎందుకొచ్చాయో ఆ మాట అన్నవాళ్లు చెప్పరు, నమ్మినవాళ్లు అడగరు. అందుకే స్థానిక పాలన చరిత్రను మా వైపు నుంచి ఒకసారి చెప్పుకోవలసి వస్తోంది. హైదరాబాదు తఖ్తు మీద ఎవరు కూర్చున్నారన్న సంగతి అందరికీ తెలుసు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో, ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో పెత్తనం ఎవరి చేతిలో ఉంది, అందులో మా వాటా ఎంత అన్నదే ఇక్కడ మేం అడుగుతున్నది.

కోటతోనే మొదలుపెడదాం. జగిత్యాల కోటను 1747లో ఇబ్రహీం ఖాన్ కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని జిల్లా చరిత్రలు చెప్తాయి. జాక్, టాల్ అనే ఇద్దరి పేర్లు కలిసి ఊరి పేరైందని జనం చెప్పుకునే కథ కూడా ఉంది. ఎలగందుల ఖిలాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద కరీంనగర్ వెలిసిందంటారు. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి అక్కడికి మారింది. ఇలా పేర్లయితే మావే మిగిలాయి. కాని కోట లోపల ఉన్న ఖిలాదారు ఒక్కడు. కోట బయట గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్లు, దూది ఏకినవాళ్లు, మేకలు కోసినవాళ్లు, అత్తరు అమ్మినవాళ్లు, పీర్ల కొట్టం ఊడ్చి ఊదు వేసినవాళ్లు ఎందరో. మాలో నూటికి తొంభైమందికి తాతలు ఈ రెండో రకంవాళ్లే. వాళ్లు తెలుగు మాట్లాడారు, తెలుగువాళ్లతో కలిసి పీర్లెత్తారు, దొర ఎదుట చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నిజాం రాజ్యంలో ఊరి పాలన ఎలా ఉండేదో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేశాడు. జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు వచ్చారు. తర్వాత భూమి శిస్తు రూపాయికి ఒక అణా చొప్పున లోకల్ ఫండ్ వసూలు చేసి రోడ్లకు, బడులకు, దవాఖానాలకు వాడే పద్ధతి వచ్చింది. ఆ నిధి చూసే బోర్డుల మీద అధికార్లుండేవాళ్లు, అధికార్లు ఎంచినవాళ్లుండేవాళ్లు. జనం ఎన్నుకున్నవాళ్లనే మాటే లేదు. దఫ్తరు ఉర్దూలో నడిచేది. తహసీల్దార్లలో, పోలీసు అమీన్లలో, గిర్దావర్లలో ముస్లింలు ఎక్కువ. అది నిజం. జాగీర్దార్లలో ముస్లిం నవాబులున్నారు. అదీ నిజమే, దాచవలసిన పనిలేదు.

కాని తాలూకా కచేరి దాటి ఊళ్లోకొస్తే? మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్య. మా జిల్లాలో వీళ్లు చాలావరకు వెలమలు, రెడ్లు, బ్రాహ్మణులు. ఎవడి భూమి ఎవడి పేరు మీద ఉందో రాసే పుస్తకం వాళ్ల చేతిలో ఉండేది. వెట్టికి ఎవడు ఏ రోజు రావాలో చెప్పే నోరు వాళ్లది. గడీ వాళ్లది. సర్కారు మొహం మాది, ఊరి పెత్తనం దొరది. శిస్తు కట్టలేని రైతుకు కచేరిలో ఎదురైన మొహం ఒక సాయిబుది కనుక ఆ రాజ్యమంతా సాయిబులదే అనిపించింది. అదే కచేరి లెక్కలు రాసిచ్చినవాడు, ఆ లెక్కతో భూమి తన పేర ఎక్కించుకున్నవాడు మాత్రం 1948 తర్వాత కూడా ఊళ్లోనే ఉన్నాడు.

1935లో నాలుగో ఆంధ్ర మహాసభ మా సిరిసిల్లలోనే జరిగింది. మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. ఉర్దూ బాగా తెలిసిన ఆయనే 1951లో హైదరాబాదు నగరానికి తొలి మేయరయ్యారు. తెలుగు చదువులు, వెట్టి నిర్మూలన కోసం ఆ మహాసభలు చేసిన తీర్మానాలు ఊళ్లల్లో మా తాతల ఆకలికి కూడా పనికొచ్చేవే. కాని వాళ్లను ఆ సభలోకి పిలిచినవాళ్లు తక్కువ. మతం పేరుతో వాళ్లను ఇంకో వైపు పిలిచినవాళ్లు ఎక్కువ. 1937లో అరవముదు అయ్యంగారు కమిటీ వేశారు. 1939లో సంస్కరణలు ప్రకటించారు. శాసనసభలో హిందువులకు, ముస్లింలకు సమాన సీట్లన్నారు. వృత్తులవారీ ప్రాతినిధ్యమన్నారు. ఆ సమానత్వం జాగీర్దార్లకు, వకీళ్లకు, పట్నం పెద్దమనుషులకు చేరింది. సిరిసిల్ల దూదేకుల సాయిబుకు అందులో ఒక్క నూలుపోగు దక్కలేదు. ఇంత తక్కువ జనాభాకు సగం సీట్లా అన్న కోపం మాత్రం అతనికే దక్కింది.

ఆ తర్వాత రజాకార్లు వచ్చారు. వాళ్లు చేసిన దుర్మార్గాలను మేం కప్పిపెట్టం. వాళ్లలో మా పేదలూ ఉన్నారు, వాళ్లను వాడుకున్న దొరలూ ఉన్నారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. దాని వెనక జరిగిన హత్యాకాండ మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ కలిసి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అందులో రాశారు. 2013 దాకా ఆ నివేదిక జనానికి అందలేదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన జిల్లాలుగా వాళ్లు చెప్పినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నాలుగింటిలో మా జిల్లా లేదు. అయినా ఆ వార్తలు విన్న ఇళ్లల్లో గొంతులు తగ్గిపోయాయి. కొందరు పాకిస్తాన్ పోయారు, కొందరు హైదరాబాదు పోయారు. పోగలిగినవాళ్లు కాస్త చదువూ డబ్బూ ఉన్నవాళ్లు. ఎక్కడికీ పోలేనివాళ్లు మిగిలారు. ఆ మిగిలినవాళ్లమే మేం.

దఫ్తరు భాష మారింది. పహాణీ, పట్టా, జమాబందీ, తహసీలు, జిల్లా అన్న ఉర్దూ మాటలు దఫ్తరులోనే ఉండిపోయాయి. ఉర్దూ మనిషి దఫ్తరు బయటికొచ్చాడు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956లో హైదరాబాదు రాష్ట్రం తన చివరి రోజుల్లో గ్రామ పంచాయతీలకు, జిల్లా మునిసిపాలిటీలకు చట్టాలు చేసింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ప్రజాస్వామ్యం ఊరి నడిబొడ్డుకు వచ్చిందని నెహ్రూ కాలంలో సంబరం చేశారు. మా ఊళ్లల్లో ఏం జరిగింది? నిన్నటి దొర సర్పంచయ్యాడు. దొర తమ్ముడు సమితి అధ్యక్షుడయ్యాడు. గడీలో జరిగిన పంచాయితీ ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో జరిగింది. మా వాడు ఊళ్లో ఒక ఇల్లో రెండిళ్లో. వార్డు మెంబరుకు నిలబడాలన్నా దొర ఊ అనాలి.

సమితి అనేది చిన్న పదవి అనుకోవద్దు. అసెంబ్లీకి ఎక్కే నిచ్చెనకు అది మొదటి మెట్టు. మల్యాల సమితి అధ్యక్షుడుగా ఉన్న టి.జీవన్‌రెడ్డి 1983లో జగిత్యాల నుంచి శాసనసభ్యుడయ్యారు. అటువంటి ఉదాహరణలు రాష్ట్రమంతా ఉన్నాయి. మొదటి మెట్టు మీద కాలు పెట్టనివ్వనివాళ్లకు పై మెట్టు ఎలా అందుతుంది? 1978 నుంచి 2023 దాకా జరిగిన శాసనసభ ఎన్నికల్లో జగిత్యాల నుంచి గాని, సిరిసిల్ల నుంచి గాని ఒక్క ముస్లిం గెలవలేదు. పార్టీలు మారాయి, జెండాలు మారాయి, ఈ ఒక్కటి మారలేదు.

దొర పెత్తనానికి పెద్ద దెబ్బ తగిలింది 1978లో. ఆ సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి బంద్ చేయాలని, దొరలు వేసిన దండుగలు తిరిగి ఇవ్వాలని, ఆక్రమించిన సర్కారు భూములు వదలాలని ఊళ్లు ఊళ్లే కదిలాయి. దొరలకు చాకలి, మంగలి పనులు బందయ్యాయి. ఆ ఏడాదే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాత పోలీసు క్యాంపులు, ఎన్‌కౌంటర్లు, ఎన్నికల బహిష్కరణ పిలుపులు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ వెనకనే సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. దొరలు చాలామంది గడీలకు తాళం వేసి పట్నం చేరారు. అక్కడ రైసుమిల్లు, సినిమా హాలు, సారా కంట్రాక్టు, రోడ్డు కంట్రాక్టు పట్టుకున్నారు. గడీ కూలింది గాని పెత్తనం బస్సెక్కి జగిత్యాల, కరీంనగర్ చేరింది.

మేం కూడా పట్నం చేరాం. ఊళ్లో పని లేక చేరాం. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల మూడింటినీ కలిపే దారం ఒకటుంది, అది బీడీకి చుట్టే దారం. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, మడిచి, దారం చుట్టి వెయ్యి బీడీలు చేస్తే ఇంత అని కూలి. గోషా ఉన్న మా ఇళ్లల్లో ఆడవాళ్లు గడప దాటకుండా చేయగలిగిన పని అది. సిరిసిల్లలో మగవాళ్లు సాంచాలు నడిపితే ఇంట్లో ఆడవాళ్లు, ఎక్కువమంది పద్మశాలీలు, ఇదే పని చేశారు. ఇద్దరి వేళ్ల మీదా ఒకే తంబాకు వాసన. బీడీ కార్మికుల చట్టం 1966లో వచ్చింది, సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. గుర్తింపు కార్డు, పీఎఫ్ వంటివి చేతికి రావడానికి చాలామందికి జీవితమే గడిచిపోయింది. తెలంగాణ సర్కారు 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి ఇచ్చింది, 2019లో 2,016 చేసింది. పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకే అన్న షరతు దగ్గర ఎందరో ఆగిపోయారు. మగవాళ్లు 1970ల నుంచి దుబాయి, మస్కటు, సౌదీ పట్టారు. ఇంటి పెద్ద ఎడారిలో, ఇంటి ఇల్లాలు చాట ముందు. ఇక మునిసిపాలిటీ మీటింగుకు వెళ్లి మోరీ గురించి, కరెంటు స్తంభం గురించి అడిగేదెవరు?

ఇక్కడే చట్టం మాకొక కుర్చీ వేసింది. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చేశారు. ఆడవాళ్లకు మూడో వంతు, బీసీలకు 34 శాతం, ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లు కేటాయించారు. మంచిదే. మైనారిటీలకు మాత్రం మండల పరిషత్తులో ఒక కో-ఆప్షన్ స్థానం, జిల్లా పరిషత్తులో రెండు. మునిసిపాలిటీల్లో కూడా ఇటువంటి ఏర్పాటే. కో-ఆప్షన్ సభ్యుడు మాట్లాడవచ్చు, ఓటు వేయరాదు.

మండల పరిషత్తులో ఇది ఎలా నడుస్తుందో చూడండి. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజే పొద్దున కో-ఆప్షన్ సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. మధ్యాహ్నం ఎంపీటీసీలు చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. పొద్దున కుర్చీలో కూర్చున్న మావాడు మధ్యాహ్నం చెయ్యెత్తడానికి వీల్లేదు. ఎవరికి మెజారిటీ ఉంటే వాళ్లే అతణ్ణి ఎంచుతారు కనుక అతను మా మనిషి కావడానికి ముందు వాళ్ల మనిషి కావాలి. గట్టిగా అడిగేవాణ్ణి ఎవరు ఎంచుకుంటారు? సలాం బాగా కొట్టేవాడు, పండగ రోజు ఫ్లెక్సీ కట్టేవాడు, ఓట్లు మూట కట్టి తెస్తానని చెప్పేవాడు ఆ కుర్చీకి చేరతాడు. ఓటుకు విలువ ఉన్నచోట ఓటు లేనివాడి మాటను ఎవడు లెక్కపెడతాడు? పని అంచనాలు, టెండర్లు, బిల్లులు అన్నీ చేతులెత్తేవాళ్ల మధ్యే తేలిపోతాయి.

బీసీ సీట్లు మీకూ ఉన్నాయి కదా అంటారు. 1970లో అనంతరామన్ కమిషన్ ఆధారంగా తయారైన బీసీ జాబితాలో మాలో దూదేకుల, మెహతర్ వంటి కొద్దిమందే ఉన్నారు. తక్కినవాళ్లంతా ఓసీలు. అంటే కసాయి పని చేసే ఖురేషీ, మంగలి పని చేసే హజాం, బిచ్చమెత్తే ఫకీరు, బీడీలు చేసే షేకు, వీళ్లంతా పట్నం చేరిన దొరతో సమానంగా జనరల్ వార్డులో పోటీ పడాలి. 1995 ఎన్నికల నుంచి ఇదే కథ. 2007 చట్టంతో బీసీ-ఇ వచ్చింది. అత్తరు సాయిబులు, గారడి సాయిబులు, తురక కాశ, ముస్లిం ధోబీ, సిద్ది, హజాం, ఖురేషీ, షేక్ వంటివాళ్ల పేర్లు మొదటిసారి సర్కారు కాగితం మీద వరసగా కనిపించాయి. ఏలిన జాతి అన్న మాటకు అంతకన్నా మంచి జవాబు ఏ చరిత్రకారుడూ రాయలేదు. చదువులకు, ఉద్యోగాలకు ఉద్దేశించిన ఆ నాలుగు శాతం 2010లో హైకోర్టులో కొట్టివేతకు గురై, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలిచింది. ఆ సర్టిఫికెట్ పట్టుకుని కొందరు బీసీ వార్డుల్లో నిలబడగానే, బీసీల కోటా తురకలు తింటున్నారన్న గోల లేచింది. 2025లో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం చర్చలో కూడా అదే గోల. పద్మశాలీకీ మాకూ మధ్య కంచె వేస్తే లాభం ఎవరికి? ఆ ఇద్దరి వేళ్లకూ ఒకే తంబాకు అంటిందని తెలిసినవాళ్లకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

ఇంకో నిబంధన కూడా మాకు తగిలింది. 1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులన్నారు. ఇది పేదలందరికీ తగిలిన దెబ్బ. మాలో చదువూ వైద్యమూ అందని ఇళ్లకు ఎక్కువ తగిలింది. ముప్పై ఏళ్ల తర్వాత 2025లో గాని తెలంగాణ పంచాయతీల్లో అది తొలగలేదు.

ఆ మాటకొస్తే ఓటున్న కుర్చీకి మాత్రం బలం ఎంత? 2020 ఎన్నికల్లో జగిత్యాలకు 48 వార్డులు, సిరిసిల్లకు 39, కోరుట్లకు 33. కౌన్సిళ్లు కొలువుదీరాయి. 2023 జనవరిలో జగిత్యాల చైర్‌పర్సన్ బోగ శ్రావణి తనను పని చేయనివ్వడం లేదని ఆరోపిస్తూ కన్నీళ్లతో రాజీనామా చేశారు. ఓటూ పదవీ రెండూ ఉన్న ఆమె పరిస్థితే అది. సిరిసిల్లకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి. నేత కార్మికుల ఆత్మహత్యలు చూసిన ఊరికి అది ఊరట. కాని అవి సిరిసిల్ల శాసనసభ్యుడు రాష్ట్ర మంత్రిగా ఉన్న కాలంలో వచ్చాయి, మునిసిపల్ తీర్మానం వల్ల రాలేదు. మాకు వచ్చిన షాదీ ముబారక్, మైనారిటీ గురుకులాలు కూడా హైదరాబాదు నుంచి వచ్చినవే. వాటి మేలు కాదనం. మా ఆడపిల్లలు గురుకులాల్లో చదువుకోవడం మా కళ్లముందే ఉంది. అయితే పైనుంచి ఇచ్చినదాన్ని పైవాడు మారితే ఆపవచ్చు. మన ఊరి మోరీ, మన ఊరి బడి, మన ఊరి దవాఖానా మన తీర్మానంతో రావాలి. అప్పుడే అది హక్కవుతుంది.

కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. ఏ పని ముందు చేయాలో ఊరి సభలో జనం కూర్చుని చర్చించారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న మలప్పురం జిల్లాలో కూడా ఆ సభలు జరిగాయి. అక్కడ అన్నీ బాగున్నాయని మేం చెప్పం. కాని డబ్బూ అధికారమూ కిందికి దిగితే పేద ముస్లిం కూడా పౌరుడిగా మాట్లాడగలడని అక్కడ తెలిసింది.

మా లోపలివాళ్లతో కూడా ఒక మాట ఉంది. అభివృద్ధి అంటే షాదీఖానా, ఖబరస్తాన్ గోడ, రంజాన్ ఇఫ్తార్ అని మా పెద్దమనుషులు ఒప్పేసుకున్నారు. పెళ్లికీ చావుకూ మధ్య బతుకు ఒకటి ఉందని వాళ్లకు గుర్తులేదు. ఆ బతుకులో నీళ్లున్నాయి, బడి ఉంది, టీబీ పట్టిన ఊపిరితిత్తులున్నాయి, సౌదీ నుంచి రాని జీతం ఉంది. మజ్జీదు కమిటీలో తగువు పడినంత గట్టిగా మునిసిపల్ బడ్జెట్ మీద తగువు పడిన నాయకుణ్ణి మేం చూడలేదు. సయ్యద్, పఠాన్ ఇళ్లవాళ్లు ముందు వరసలో, దూదేకుల, ఫకీరు వెనక వరసలో ఎందుకు నిలబడాలి? ఆడవాళ్ల వార్డు వస్తే బురఖా కింద భర్త పెత్తనం ఎందుకు నడవాలి? వెయ్యి బీడీలకు లెక్క తప్పకుండా కూలి రాబట్టే ఆడమనిషికి వార్డు లెక్క చూడడం చేతకాదా?

సెక్యులర్ మిత్రులు అడుగుతారు, మతం పేరుతో సీటు అడగడం మతతత్వం కాదా అని. మేం అడుగుతున్నది నమాజు చేసేవాడికి సీటు కాదు. బీడీ చేసేవాడికి, మేక కోసేవాడికి, దూది ఏకేవాడికి, గల్ఫు నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాడికి అడుగుతున్నాం. వాళ్లు ముస్లింలు కావడం వల్ల జాబితాలోంచి తప్పిపోయారు కనుక ఆ పేరుతోనే లోపలికి రావలసి వస్తోంది.

కో-ఆప్షన్ సభ్యుడికి ఓటు ఇవ్వండి, లేదా ఆ కుర్చీ తీసేసి మా వెనకబడ్డ కులాలకు గెలిచే అవకాశమున్న వార్డులివ్వండి. వార్డు సభ జరిపి ప్రతి గల్లీ ఖర్చు గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయండి. 2017లో ఉర్దూను తెలంగాణ మొత్తానికి రెండో అధికార భాష చేశారు గనుక ఆ రెండో రాత రాయడానికి కొత్త చట్టం ఏదీ అక్కరలేదు. పద్మశాలీ బీడీ కార్మికురాలూ మా బీడీ కార్మికురాలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఆ లెక్క చదవాలి, తప్పుంటే నిలదీయాలి, తీర్మానం వచ్చినప్పుడు ఇద్దరూ చెయ్యెత్తాలి.